ఎత్తైన సీటు నుంచి కనపడనిది

మదనపల్లె నుంచి పేర్ణంబట్టుకు వెళ్లే దారి దక్కన్ పీఠభూమి అంచున సాగుతుంది. పుంగనూరు, పలమనేరు దాటి వెంకటగిరికోట చేరే వరకు మనం ఎత్తైన ప్రదేశంలో ఉన్నామన్న సంగతే మనసుకు రాదు. మదనపల్లె సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉన్నా, చుట్టూ టమాటా తోటలు, చెరువులు, బండరాళ్ల గుట్టలు చదునుగా పరచుకొని ఉండడం వల్ల ఆ ఎత్తు కంటికి ఆనదు. వి.కోట దాటి కొంత దూరం పోయాక అడవి మొదలవుతుంది. ఏనుగులు తిరిగే ప్రాంతమని హెచ్చరించే బోర్డులు కనిపిస్తాయి. ఆ తరువాత రహదారి ఉన్నట్టుండి వంకరలు తిరుగుతూ పాలారు నదీ మైదానం వైపు దిగిపోతుంది. మనం ఎంత ఎత్తున ఉన్నామో దిగడం మొదలుపెట్టిన తరువాతే తెలిసివస్తుంది.

కనుమకు ఇవతల తెలుగు, అవతల తమిళం. రెండు వైపులా ముస్లిం కుటుంబాలలో ఇంటి భాష ఉర్దూ. పేర్ణంబట్టు, ఆంబూరు, వాణియంబాడి పట్టణాలు తోళ్ల పరిశ్రమకు పేరు పొందినవి. పేర్ణంబట్టు, ఆంబూరు మధ్య ఉమరాబాద్‌లో 1924లో కాకా ముహమ్మద్ ఉమర్ గారు స్థాపించిన జామియా దారుస్సలామ్ ఉంది. మన తెలుగు ప్రాంతాల విద్యార్థులు ఎందరో అక్కడ ధార్మిక విద్య నేర్చుకున్నారు. చదువులు, వ్యాపారాలు, వియ్యాలు ఈ కనుమ దారిని తరతరాలుగా పచ్చగా ఉంచాయి.

కిందటి శీతాకాలంలో బంధువుల ఇంట నికాహ్ కోసం మా కుటుంబం ఈ దారిలోనే ప్రయాణించింది. రెండు వాహనాలలో బయలుదేరాము. ఒకటి పదేళ్లుగా నేను నడుపుతున్న చిన్న కారు. రెండవది మా మేనల్లుడు కొత్తగా కొన్న ఎత్తైన ఎస్.యు.వి. వెళ్లేటప్పుడు చిన్న కారు నేను నడిపాను. తిరిగి వచ్చేటప్పుడు ఎస్.యు.వి. నడిపాను. ఒకే దారిని రెండు ఎత్తుల నుంచి చూసిన అనుభవం అది. ఈ రోజుల్లో ప్రతి ఇంటిలోనూ ఏ కారు కొనాలన్న చర్చ నడుస్తోంది. కాబట్టి ఆ ప్రయాణంలో నేను గమనించిన విషయాలను, చివరకు నన్ను వణికించిన ఒక సంఘటనను పాఠకుల ముందుంచుతున్నాను.

జీపు నుంచి ఎస్.యు.వి. దాకా

మా చిన్నతనంలో ఎత్తైన వాహనమంటే జీపే. 1947 నుంచి మహీంద్రా సంస్థ మన దేశంలో విల్లీస్ జీపులను తయారు చేయడం ప్రారంభించింది. పోలీసు అధికారులకు, అటవీ శాఖవారికి, గతుకుల దారుల్లో తిరిగేవారికి అది అవసరం. 1983 చివరలో మారుతి 800 వచ్చి మధ్యతరగతి కుటుంబాన్ని నేలకు దగ్గరగా కూర్చోబెట్టింది. ఆ తరువాత చాలా కాలం కారు అంటే మనవారి మనసులో చిన్న కారే.

2006లో పొడవు 4 మీటర్లు మించని చిన్న కార్లకు కేంద్ర ప్రభుత్వం పన్ను తగ్గించింది. కంపెనీలు ఆ హద్దును దాటకుండానే పైకప్పును లేపి, చక్రాలను పెంచి, బానెట్‌ను నిటారుగా చేసి కొత్త రకం వాహనాలను తెచ్చాయి. నేడు మన వీధుల్లో ఎస్.యు.వి. అని పిలుస్తున్నవాటిలో అనేకం అడుగు భాగంలో చిన్న కార్లే. వాటిలో మారింది ప్రధానంగా ఎత్తు. కొనేవారు కోరుకుంటున్నది కూడా ఆ ఎత్తునే. “రోడ్డంతా కనిపిస్తుంది మామూ, మనం పైన కూర్చున్నట్టుంటుంది” అని మా మేనల్లుడు కొన్న రోజునే సంతోషంగా చెప్పాడు. అతడు వడ్డీ అప్పు జోలికి పోకుండా కొన్నేళ్లు పొదుపు చేసి ఆ బండి కొన్నాడు. అందువల్ల అతని సంతోషం నాకూ సంతోషమే కలిగించింది.

చిన్న కారులో

వెళ్లేటప్పుడు మా అమ్మగారు నా కారులో కూర్చున్నారు. ఆమెకు ఎనభై ఏళ్లు దగ్గరపడ్డాయి. మోకాళ్లు వంగవు. నా కారు పైకప్పు కాస్త ఎత్తుగా ఉండే రకం. దాని సీటు సరిగ్గా మనిషి నడుము ఎత్తున ఉంటుంది. ఆమె సీటుకు వీపు పెట్టి కూర్చుని, ఆ తరువాత కాళ్లను ఒక్కొక్కటిగా లోపలికి తీసుకుంటారు. ఎవరి సాయమూ అక్కర్లేదు. మరీ కిందికి ఉండే కారులో అయితే గుంటలోకి దిగినట్టుగా కూర్చోవాలి. లేచేటప్పుడు ఇద్దరు పట్టి లాగాలి. మరీ ఎత్తైన బండి అయితే మెట్టెక్కినట్టు ఎక్కాలి. ఇంట్లో వృద్ధులున్నవారు కారు కొనే ముందు మెరుగులన్నీ పక్కనపెట్టి, ఆ వృద్ధులనే తీసుకెళ్లి ఒకసారి కూర్చోబెట్టి లేపి చూడాలని నా మనవి.

పుంగనూరు దాటేదాకా హాయిగా సాగింది. అయితే ఐదుగురం కూర్చుని, వెనుక సామాను పెట్టుకోవడంతో కారు బాగా కిందికి దిగింది. పలమనేరుకు ముందు ఒక ఊరిలో స్పీడు బ్రేకరు మీద అడుగు భాగం గీసుకుపోయింది. ఆ చప్పుడుకు మా అమ్మగారు “యా అల్లాహ్!” అన్నారు. చిన్న కార్ల అడుగు భాగానికి, నేలకు మధ్య ఖాళీ సాధారణంగా 160, 170 మిల్లీమీటర్లు ఉంటుంది. ఎస్.యు.వి.లలో అది 200 మిల్లీమీటర్ల వరకు, కొన్నింటిలో అంతకు మించి ఉంటుంది. తేడా నాలుగు వేళ్లకు మించకపోయినా, మన గ్రామాల స్పీడు బ్రేకర్ల మీద, వానకు కొట్టుకుపోయిన దారుల్లో ఆ నాలుగు వేళ్ల విలువ తెలుస్తుంది.

మరొక ఇబ్బంది ముందున్న మా మేనల్లుని బండి వల్లనే ఎదురైంది. నేను దాని వెనుక నడుపుతున్నంతసేపూ దాని వెనుక తలుపు తప్ప నాకేమీ కనబడలేదు. దానికి ముందు టమాటా లోడుతో లారీ ఉందో, ఎద్దులబండి ఉందో, ఎవరైనా రోడ్డు దాటుతున్నారో తెలియదు. అంతకుముందు చిన్న కార్ల వెనుక నడిపినప్పుడు వాటి అద్దాల గుండా ఆ అవతలి రోడ్డు కూడా కొంత కనిపించేది. ఇప్పుడు ఎదుట ఒక గోడ కదులుతున్నట్టుంది. అతడు బ్రేకు వేస్తే తప్ప ఏదో జరిగిందని నాకు తెలిసే దారి లేదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే వాహనం ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు ముందుకు పోతుంది. విషయం ఒక సెకను ఆలస్యంగా తెలియడమంటే 17 మీటర్లు గుడ్డిగా పోవడమే. అందుకని నేను వెనక్కు తగ్గి, మా మధ్య దూరం పెంచాను.

ఎత్తున కూర్చున్నవాడికి రోడ్డు కనిపిస్తుందన్న మాట నిజమే. కానీ అతని వెనుక ఉన్నవాడికి ఆ మేరకు రోడ్డు కనిపించకుండా పోతుంది. ఆ సంగతి ఎత్తున కూర్చున్నవాడికి తెలియదు. నాకు మాత్రం ఆ రోజు వెనుక ఉండడం వల్ల తెలిసింది.

వి.కోటలో మస్జిద్ దగ్గర ఆగి జొహర్ నమాజు చేసుకున్నాము. మస్జిద్ సందు ఇరుకు. నా కారు ఒకే ప్రయత్నంలో తిరిగింది. మేనల్లుడు ముందుకూ వెనుకకూ అయిదారుసార్లు జరిపి, పిల్లలను దింపి చూడమని కేకలు పెట్టి, చెమటలు తుడుచుకుంటూ బండిని తిప్పాడు. కనుమ దిగేటప్పుడు నా చిన్న కారు మలుపులలో నేలను అంటిపెట్టుకున్నట్టుగా నడిచింది. మా ముందు ఆ పెద్ద బండి ప్రతి మలుపులోనూ పక్కకు ఒరగడం స్పష్టంగా కనిపించింది. బరువు ఎంత ఎత్తున ఉంటే మలుపులో ఒరగడం అంత ఎక్కువ. వెనుక సీటులో కూర్చున్న మా చెల్లెలికి దిగేసరికి కడుపులో తిప్పింది.

మామిడాకుల తోరణం కింద

నికాహ్ శుభప్రదంగా, నిరాడంబరంగా జరిగింది. మరునాడు అసర్ నమాజు తరువాత తిరుగు ప్రయాణానికి సిద్ధమయ్యాము. “ఈసారి మీరు నడపండి మామూ, మీకూ అలవాటవుతుంది” అంటూ మా మేనల్లుడు తాళంచెవి నా చేతిలో పెట్టాడు. అతడు నా చిన్న కారులో ముందు పోతానన్నాడు. మా అమ్మగారిని ఈసారి పెద్ద బండిలో కూర్చోబెట్టాలని అందరూ ఉబలాటపడ్డారు.

నేను సీటులో కూర్చుని చుట్టూ చూశాను. సందు చివరి దాకా కనిపిస్తోంది. ప్రహరీ గోడ మీదుగా పక్కింటి పెరడు కనిపిస్తోంది. తోరణానికి కట్టిన మామిడాకులు నా కంటికి సమానంగా ఊగుతున్నాయి. విశాలమైన అద్దం, మెత్తని సీటు, లోపల చల్లని నిశ్శబ్దం. దాచడమెందుకు, ఆ ఆసనం మీద కూర్చున్నప్పుడు నా వీపు నాకు తెలియకుండానే నిటారుగా అయింది.

ఇంజను వేశాను. వెనుక తలుపు దగ్గర మా అమ్మగారిని ఎక్కించే ప్రయత్నం జరుగుతోంది. మెట్టు మీద ఒక కాలు పెట్టారు. రెండవది లేవలేదు. దిగి, ఊపిరి తీసుకొని, “పల్లకి బాగానే ఉంది గాని, ఎక్కించడానికి బోయీలు కావాలి” అన్నారు. అందరూ నవ్వారు. ఆమె రెండవ ప్రయత్నంలో లోపలికి చేరారనుకున్నాను. తలుపు మూసిన చప్పుడు వినిపించింది. అది అవతలి వైపు తలుపు చప్పుడని నాకు తెలియదు. ముందు చూశాను. సందు ఖాళీగా ఉంది. గేరు వేసి, హ్యాండ్ బ్రేకు దించి, క్లచ్ మీది కాలు మెల్లగా వదలసాగాను.

అప్పుడే బానెట్ మీద కర్రతో ఫెళ్లున కొట్టిన చప్పుడు. “బేటా, ఆగు!” అన్న కేక.

ఆగాను. మా అమ్మగారు బండి ఎక్కలేదు. విసిగిపోయి, ముందు సీటైతే సులువేమోనని ఇటు నడిచి వచ్చారు. ఆమె చేతికర్ర ఇంకా బానెట్ మీదే ఉంది. ఆమె చూపు నా మీద లేదు. బంపరు ముందు నేలను చూస్తున్నారు. దిగి ముందుకు వెళ్లాను. మా మేనల్లుని చిన్న కూతురు, ఇంకా మూడేళ్లు నిండని పాప, బంపరుకు రెండడుగుల దూరంలో గొంతు కూర్చుని, రాత్రి రాలిన మల్లెపూలను ఒక్కొక్కటే ఏరి గౌను కొంగులో వేసుకుంటోంది. నన్ను చూసి నవ్వి, పూలున్న పిడికిలిని నా వైపు చాచింది.

పాపను ఎత్తుకున్నాను. నా చేతులు చాలాసేపు వణుకుతూనే ఉన్నాయి.

మద్రసాలో ఫిఖ్హ్ పాఠం చెప్పేటప్పుడు పొరపాటున జరిగే ప్రాణనష్టం గురించిన అధ్యాయం వస్తుంది. ఎన్నో ఏళ్లుగా దాన్ని బోధిస్తున్నాను. ఉద్దేశం లేకపోయినా ప్రాణం పోతే బాధ్యత పోదు. చనిపోయినవారి కుటుంబానికి పరిహారం చెల్లించాలి. దివ్యఖుర్ఆన్‌లోని అన్నిసా సూరా నిర్దేశించిన ప్రకారం ప్రాయశ్చిత్తం కూడా చేసుకోవాలి. బానిసను విడుదల చేసే అవకాశం లేనివారు రెండు నెలలు ఎడతెగకుండా ఉపవాసాలుండాలి. ఈ వివరాలన్నీ నాకు కంఠస్థం. విద్యార్థుల సందేహాలకు తడుముకోకుండా జవాబిస్తాను. కానీ ఆ అధ్యాయం మనిషి జీవితంలోకి ఎంత నిశ్శబ్దంగా వస్తుందో ఆ సాయంత్రమే తెలిసింది. నేను వేగంగా నడపలేదు. ఫోను మాట్లాడలేదు. ముందు చూశాను కూడా. చూసిన చోట పాప కనిపించలేదు.

బకెట్టుతో కొలత

ప్రయాణం ఒక అరగంట వాయిదా వేశాము. పాప నాకెందుకు కనిపించలేదో తెలుసుకోకుండా మళ్లీ ఆ సీటులో కూర్చోబుద్ధి కాలేదు. ఇంట్లోంచి అడుగు ఎత్తున్న ఒక బకెట్టు తెప్పించి బండి ముందు పెట్టించాను. నేను సీటులో కూర్చున్నాను. నాకు బకెట్టు అంచు కనిపించేదాకా దాన్ని మెల్లగా ముందుకు జరపమని మేనల్లునికి చెప్పాను. అది బంపరుకు దాదాపు 12 అడుగుల దూరం పోయిన తరువాతే నాకు కనిపించింది. నా చిన్న కారులో కూర్చుని అదే పని చేస్తే 8 అడుగుల దగ్గరే కనిపించింది. తరువాత పాపను వాళ్ల అమ్మ చేయి పట్టుకొని నిలబెట్టింది. నిలబడినా పెద్ద బండి ముందు నాలుగడుగులకు పైగా దూరం జరిగితే గాని పాప తల కనిపించలేదు. చిన్న కారు ముందు అడుగున్నర దూరంలోనే కనిపించింది. కూర్చుని పూలు ఏరుకునే పిల్ల కనిపించాలంటే ఎంత దూరం కావాలో ఇక చెప్పనక్కర్లేదు.

కారణం తేలికగానే అర్థమవుతుంది. డ్రైవరు కంటి నుంచి బయలుదేరిన చూపు బానెట్ ముందు అంచును తాకుతూ వాలుగా నేలకు దిగుతుంది. ఆ గీతకు కింద ఉన్నదంతా చీకటే. ఎస్.యు.వి.లో కన్ను ఎత్తుకు పోయిన మాట నిజం. కానీ కన్నుతోపాటు బానెట్ కూడా ఎత్తుకు పోయింది. పైగా అది వాలుగా కాక నిటారుగా, బల్లపరుపుగా ఉంటుంది. అందువల్ల చూపు నేలను తాకే చోటు దూరం జరుగుతుంది. దూరాన ఉన్నది బాగా కనిపిస్తుంది, పాదాల దగ్గరున్నది కనిపించదు. బండి వెనుక పరిస్థితి కూడా ఇంతే. వెనుక అద్దం ఎత్తున ఉంటుంది గనుక దాని కింద ఉన్న పిల్లలు కనిపించరు. అందుకే 2019 జులై 1 నుంచి తయారయ్యే కార్లన్నింటికీ వెనుక అడ్డంకులను పసిగట్టి చప్పుడు చేసే సెన్సార్లు తప్పనిసరి చేశారు. ముందు వైపు అలాంటి నిబంధన లేదు. ముందు మనం చూసుకుంటామన్న నమ్మకం కాబోలు.

ముందు అద్దానికి రెండు పక్కలా పైకప్పును మోసే స్తంభాలుంటాయి. బండి బోల్తాపడినా లోపలివారిని కాపాడాలని ఈ కాలపు వాహనాలలో, చిన్నవైనా పెద్దవైనా, వీటిని దృఢంగా, మందంగా చేస్తున్నారు. పెద్ద బండిలో ఆ స్తంభం పక్కనే పెద్ద అద్దం కూడా ఉంటుంది. కుడివైపు మలుపు తిరిగేటప్పుడు ఈ రెండూ కలిసి ఎదురుగా వచ్చే మోటారు సైకిలును పూర్తిగా మింగేస్తాయి. మలుపుకు ముందు తలను కాస్త ముందుకు, వెనుకకు కదిపి స్తంభం చాటున ఏముందో చూడడం అలవాటు చేసుకోవాలి.

కనుమ ఎక్కుతూ

చివరకు మా అమ్మగారు ముందు సీటులో, నా పక్కన కూర్చున్నారు. చిన్న పీట వేసి ఎక్కించాము. ఆ పీట ఇప్పుడు ఆ బండిలో శాశ్వతంగా ఉంటోంది.

న్యాయంగా చెప్పాలి. కనుమ ఎక్కేటప్పుడు ఆ ఎత్తు ఎంతో ఉపకరించింది. మలుపుల దగ్గర పిట్టగోడ మీదుగా, పొదల మీదుగా అవతలి రోడ్డు కనిపించింది. పైనుంచి దిగుతున్న లారీని రెండు మలుపుల ముందే చూసి పక్కకు ఆపుకున్నాను. గతుకులను చక్రాలే మింగేశాయి. మా అమ్మగారికి కుదుపులు తెలియలేదు. ముందు అద్దం గుండా అడవినంతా చూస్తూ, ఎప్పుడో పుట్టింటికి బస్సులో పోయిన రోజుల ముచ్చట్లు చెప్పారు. దూర ప్రయాణంలో నడుము నొప్పి లేకుండా కూర్చోగలగడం నా వయసువారికి చిన్న విషయం కాదు.

కానీ ఎత్తు మరొక మాయ కూడా చేస్తుంది. నేలకు దగ్గరగా కూర్చుంటే రోడ్డు కాళ్ల కింద వేగంగా పారుతున్నట్టుంటుంది. ఎత్తు నుంచి చూస్తే అదే రోడ్డు నెమ్మదిగా జరుగుతున్నట్టుంటుంది. లోపల చప్పుడు తక్కువైతే ఆ భ్రమ ఇంకా పెరుగుతుంది. కనుమ ఎక్కి చదును నేలకు వచ్చాక నేను 60లో పోతున్నాననుకొని మీటరు చూస్తే 80 దాటింది. నా చిన్న కారు అయితే ఆ వేగానికి ముందే గడగడలాడి నన్ను హెచ్చరించేది.

పలమనేరులో మగ్రిబ్ నమాజు చేసుకొని చీకటిలో బయలుదేరాము. పుంగనూరులో టీ కోసం ఆగినప్పుడు ముందు కారులోంచి మేనల్లుడు దిగి వచ్చి, కళ్లు నులుముకుంటూ, “మామూ, మీ లైట్లు నా అద్దం నిండా పడుతున్నాయి. రోడ్డే కనపడలేదు” అన్నాడు. నేను డిప్ లైట్లతోనే నడిపాను. కానీ ఎత్తైన బండి లైట్లు చిన్న కారు అద్దం ఎత్తున ఉంటాయి. పైగా వెనుక సామాను బరువుకు బండి ముందు భాగం పైకి లేచి, వెలుగు ఇంకా ఎగువకు పోతుంది. స్టీరింగు పక్కన లైట్ల వాలును సరిచేసే చిన్న మీట ఒకటి ఉంటుంది. చాలామంది దాన్ని ఎప్పుడూ ముట్టుకోరు. బండిలో బరువున్నప్పుడు దాన్ని తిప్పి వెలుగును దించాలి. ముందువారికి దూరంగా నడపాలి. ఆ రెండూ చేశాక మదనపల్లె చేరేదాకా అతనికి ఇబ్బంది కలగలేదు. తన బండి లైట్లు ఎదుటివారిని ఇంత బాధిస్తాయని తనకు తెలియదని అతడే అన్నాడు. దాని ముందు కూర్చోవలసిన అవసరం అతనికి అంతవరకు రాలేదు మరి.

వాహనం మీద వినయం

దైవప్రవక్త ముహమ్మద్ (స), ఆయన సహచరులు ప్రయాణాలలో ఎత్తు ఎక్కేటప్పుడు తక్బీర్ పలికేవారని, పల్లానికి దిగేటప్పుడు తస్బీహ్ పలికేవారని హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. ఎత్తుకు చేరిన క్షణంలోనే గొప్పవాడు అల్లాహ్ మాత్రమేనని నోటితో చెప్పించే శిక్షణ ఇది. కనుమ ఎక్కుతూ మా అమ్మగారు మెల్లగా తక్బీర్ పలుకుతుంటే ఈ సున్నత్ అంతరార్థం నాకు కొత్తగా తోచింది. ఎత్తు మనిషికి దూరదృష్టిని ఇస్తుంది. తనకు అంతా కనిపిస్తోందన్న నమ్మకాన్ని కూడా ఇస్తుంది. ప్రమాదం ఆ నమ్మకంలో ఉంది.

హిజ్రీ 8వ సంవత్సరంలో, అంటే క్రీ.శ. 630లో, దైవప్రవక్త (స) మక్కాలోకి విజేతగా ప్రవేశించిన దృశ్యాన్ని సీరత్ గ్రంథాలు వర్ణించాయి. వేలాది సైన్యం వెంట ఉంది. తరిమేసిన ఊరే లొంగిపోయింది. అంతటి ఘడియలో ఆయన ఒంటెపై కూర్చుని, ప్రభువు పట్ల వినయంతో తలను ఎంతగా వంచారంటే గడ్డం జీనును తాకేంత దగ్గరైంది. ఒంటె ఎత్తైన వాహనమే. దానిపై తల ఎలా ఉండాలో ఆయన చూపించారు.

ధార్మికంగా ఏ వాహనమూ నిషిద్ధం కాదు. సౌకర్యవంతమైన వాహనం అల్లాహ్ అనుగ్రహాలలో ఒకటి. పెద్ద కుటుంబం, గతుకుల దారి, తరచూ దూర ప్రయాణం ఉన్నవారికి ఎత్తైన బండి నిజంగా అవసరమే. ఊరిలోనే తిరిగేవారికి, ఇరుకు సందులో ఇల్లున్నవారికి, మోకాళ్ల నొప్పులున్న పెద్దలు ఇంట్లో ఉన్నవారికి చిన్న కారులోనే సుఖం ఎక్కువ. పక్కింటివారు కొన్నారని, పెళ్లిలో అల్లుడు అడిగాడని, వడ్డీకి అప్పు తెచ్చి ఎత్తైన సీటు కొనుక్కోవడం మాత్రం ఏ విధంగానూ మేలు కాదు. ఏ బండి కొన్నా, దారిలో నడిచేవారి హక్కు, వెనుక వచ్చేవారి హక్కు, మన వాకిట్లో ఆడుకునే పసిపిల్లల హక్కు మన మీద ఉన్నాయి. దారి నుంచి బాధ కలిగించే వస్తువును తొలగించడం విశ్వాసంలో భాగమని మన పిల్లలకు నేర్పుతున్నాము. మన వాహనమే దారిలో బాధగా మారకుండా చూసుకోవడం అందులో మొదటి మెట్టు.

ఆ సాయంత్రం నుంచి మా కుటుంబంలో ఒక నియమం ఏర్పడింది. బండి ఎక్కే ముందు నడిపేవారు దాని చుట్టూ ఒకసారి నడుస్తారు. వెనుక నుంచి ముందుకు వచ్చి, బంపరు ముందు నేలను చూసి, అప్పుడే తలుపు తెరుస్తారు. పిల్లలను ఒక పెద్ద మనిషి చేయి పట్టుకొని, నడిపేవారికి కనిపించే చోట నిలబెడతారు. లెక్క సరిపోయిందని ఆ మనిషి చెప్పాకే ఇంజను వేస్తారు. ప్రయాణపు దుఆ అప్పుడు చదువుతాము. దీనంతటికీ పట్టేది ఒక్క నిమిషం.

మా అమ్మగారి మోకాళ్లు వంగి ఉంటే ఆమె మొదటి ప్రయత్నంలోనే బండి ఎక్కి లోపల కూర్చునేవారు. అప్పుడు బంపరు ముందు నేలను చూసేవారు ఎవరూ ఉండేవారు కాదు. ఆ నొప్పుల గురించి ఆమె ఇప్పటికీ అప్పుడప్పుడు విసుక్కుంటారు. ఆ మాట వచ్చినప్పుడల్లా పాప వెళ్లి ఆమె మోకాళ్ల మీద తల పెట్టుకుంటుంది. నేను లోలోపల అల్హమ్దులిల్లాహ్ అనుకుంటాను.

ఎత్తు ఇచ్చినప్పుడు వినయాన్ని, దూరం చూపించినప్పుడు దగ్గరివారిని చూసే జాగ్రత్తను అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! మన ప్రయాణాలను, మన వల్ల ఇతరుల ప్రయాణాలను క్షేమంగా ఉంచుగాక! ఆమీన్.